గోడ ఇవతలి నుంచి ఆఫీసు గోల

ఏమండీ, భోజనాలయ్యాయా? అయ్యే ఉంటాయి లెండి, ఇందాక పోపు వాసన గోడ దాటి ఇటు వచ్చింది. ఇంగువ కాస్త ఎక్కువైనట్టుంది. పోనీలెండి, ఆ బట్టలు తర్వాత ఆరేసుకోవచ్చు గానీ ఇలా జామచెట్టు నీడలోకి రండి. ఇవాళ రెండో శనివారం, మీకు సెలవు. నాకా, రిటైరైన దగ్గర్నుంచీ అన్నీ రెండో శనివారాలే.

నిన్న సాయంత్రం మీరు ఆఫీసు నుంచి వచ్చి గేటు ధడేలుమని వేశారు. నేను కావాలని చూడలేదండోయ్. తులసికోటలో నీళ్లు పోస్తున్నాను, కంటబడ్డారు. గేటు చప్పుడు వింటే చాలు, నాకు తెలిసిపోతుంది. జీతం సంగతైతే మనిషి గేటు నెమ్మదిగా వేస్తాడు. పై ఆఫీసరు చివాట్లు పెడితే అసలు వెయ్యడమే మర్చిపోతాడు. ధడేలుమందంటే మాత్రం పక్క సీటే. ఏం, కాదా? నవ్వుతున్నారంటే పక్క సీటే!

నేను చూసినంతలో ఎవరికీ పని వల్ల బీపీ రాలేదండీ. పక్క సీటు వల్లే వచ్చింది. మా ఆఫీసులో మా సెక్షన్‌కంతటికీ నడిమధ్యన ఒక్కటే ఫ్యాను. ఫైళ్లు చూసే ఆయనకి గాలి తగిలితే తుమ్ములు. టపా చూసే ఆవిడకి గాలి లేకపోతే ఉక్క. ఆయన లేచి ఒకటిలో పెడతాడు. ఆవిడ లేచి ఐదులో పెడుతుంది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోరు, ఉన్న మాటలన్నీ రెగ్యులేటరుతోనే. చివరికి ఒకరోజు ఆ తిప్పే బొడిపె ఊడి ఆవిడ చేతికొచ్చింది. మా అటెండరు చక్కగా దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరికి గాలి కావాలన్నా అతన్ని అడగాలి. అడిగితే ఏమనేవాడో తెలుసా? "పక్కాయన్ని అడిగారా అమ్మా?" అంతే. అడక్కపోతే బొడిపె బయటికి రాదు. పాపం ఆవిడ మొదటిసారి ఆయన వైపు తిరిగి, "ఏమండీ, కాస్త మూడులో పెట్టుకుందామా?" అంది. ఆయన తలెత్తి చూసి, "పెట్టుకోండమ్మా, నేను ఈ కుర్చీ అటు జరుపుకుంటాను" అన్నాడు. నెలల తరబడి నడిచిన యుద్ధం కుర్చీ జరిపితే తీరిపోయింది. సూపర్నెంటు గారి వల్ల కానిది మా అటెండరు చేశాడు!

చిన్న విషయానికి ఇంత రభసా అంటారా? చిన్న విషయానికే అవుతుందండీ. పార్కిన్సన్ అని ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు, నౌకాదళాల చరిత్ర రాసేవాడు. 1955లో ది ఎకానమిస్ట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు, చేతిలో ఎంత టైముంటే పని అంతకంతా సాగుతుందని. దానికి ఎవర్ని ఉదాహరణగా పట్టుకొచ్చాడనుకున్నారు? నాలాంటి తీరికున్న ఒక ముసలావిడని. మేనకోడలికి పోస్టుకార్డు రాయడానికి ఆవిడకి రోజంతా పట్టిందట. కార్డు వెతకడానికో గంట, కళ్లజోడుకో గంట, పక్కవీధి పోస్టుడబ్బా దాకా వెళ్లడానికి గొడుగు కావాలా వద్దా అన్న ఆలోచనకి ఇంకాసేపు. నా గురించి ఆయనకి ఎవరు చెప్పారో!

అదలా ఉంచండి. నేను చెప్పొచ్చేది ఆయన తర్వాత పుస్తకంలో రాసింది. ఒక కమిటీ కూర్చుంటుంది. ముందు అణు రియాక్టరు సంగతి వస్తుంది. కోటి పౌండ్ల ఖర్చు. ఎవరికీ ఏమీ అర్థం కాదు, అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ. రెండున్నర నిమిషాల్లో ఆమోదం. తర్వాత గుమాస్తాల సైకిళ్లకి షెడ్డు. అది అందరికీ తెలుసు. రేకు ఏ రకం వెయ్యాలన్న దగ్గర ముప్పావు గంట వాదన. మీ ఆఫీసు గుర్తొచ్చిందా? కోట్ల రూపాయల టెండరు మీద సంతకం చకచకా పడిపోతుంది. టీ గ్లాసులు ఎవరు కడగాలన్న దగ్గర మాత్రం రెండు వర్గాలు తేలతాయి.

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. రాయదుర్గంలో మెట్రో దిగి, అక్కణ్ణుంచి షటిల్ ఎక్కి వెళుతుంది. అద్దాల మేడ, పన్నెండో అంతస్తు, కాఫీ మిషను, అన్నీ ఉన్నాయి. ఫ్యాను గొడవ ఉండదు కదా అనుకున్నాను. ఏసీ గొడవ ఉందిట! వేసవిలో కూడా శాలువా కప్పుకుని కూర్చుంటుందిట. ఆపైన మైక్రోవేవ్ గొడవ. వాళ్ల ఫ్లోరులో ఒకతను నెల్లూరు నుంచి అమ్మ పంపించిన చేపల పులుసు తెచ్చుకుని వేడి చేసుకున్నాడు. గంటలో ఒక మెయిల్ వచ్చింది, ఫ్లోరులో ఉన్న నూట యాభై మందికీ. "కొందరు ఇతరుల ఇబ్బందిని గుర్తించాలని మనవి." పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా, వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో అందరికీ తెలుసు. మెయిల్ పెట్టింది ఎవరో కూడా అందరికీ తెలుసు, ఆవిడ బాక్సులో రోజూ వెల్లుల్లి కారమే మరి.

ఆ కుర్రాడు మర్నాటి నుంచి బాక్సు తేవడం మానేశాడట. కింద ఫుడ్ కోర్టులో ఏదో తిని వచ్చేవాడు. మా పిల్ల ఫోనులో చెబుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మ పులుసు పట్టుకెళ్లి తినలేకపోవడమేంటండీ. తిండి సంగతి అంటే మన దగ్గర ఒట్టి తిండి సంగతి కాదు. ఎవరి కంచంలో ఏముందో చూస్తే, ఆ వెంటే ఇంకో ప్రశ్న తయారవుతుంది. అందుకే మాట అనాలంటే ఓవెన్ మీద అనాలి, మనిషి మీద అనకూడదు. "ఆ గదిలో గాలి బయటికి పోయే దారి లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి" అని అడ్మిన్ వాళ్లకి రాస్తే సరిపోయేది. మా పిల్ల అదే చేసింది. ఫ్యాను వచ్చింది, గిన్నె మీద మూత పెట్టమని ఒక చీటీ వచ్చింది, పులుసూ వచ్చింది. ఓ రోజు వెల్లుల్లి కారం ఆవిడకి ఒక ముక్క కూడా వేశాడట!

ఇంకో ప్రశ్న అన్నాను కదూ. అదీ చెబుతాను, ఎక్కడికీ వెళ్లకండి. కుక్కరు కూత మా ఇంట్లోది, మీది కాదు. కొత్తగా చేరినవాళ్లని మనవాళ్లు ఎలా ఆరా తీస్తారో గమనించారా? ముందు "ఏ ఊరండీ మీది?" అంటారు. భీమవరం అంటే, "భీమవరంలో ఎక్కడ?" అంటారు. ఆ తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో కూడా తేలకపోతే "ఫలానా డాక్టరు గారు మీకేమవుతారు?" అంటారు. ఆఖరికి "నాన్‌వెజ్ తింటారా?" అంటారు. ఇంత చుట్టూ తిరిగి, "నేను కులం అడగలేదే" అంటారు. అడగలేదండీ, నిజమే. ఊరంతా తిరిగి ఆ ఇంటి ముందే వచ్చి ఆగారు, అంతే.

మా పిల్లని వాళ్ల టీములో ఒకాయన ఇలాగే మొదలుపెట్టాడు. రెండో ప్రశ్న దాకా చెప్పింది. మూడో దానికి, "ఎందుకండీ, సంబంధం ఏమైనా చూస్తున్నారా?" అంది నవ్వుతూ. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన మళ్లీ ఆ జోలికి రాలేదు. బాగుంది కదూ? కానీ అందరికీ అంత నోరు ఉండదు. కొందరికి ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన మర్నాడు లంచ్ టేబుల్ దగ్గర కుర్చీలు మారిపోతాయి. అది వాళ్లకి నవ్వులాట కాదు. మీరు మాత్రం అడక్కండి. ఎంత నోరు దురద పెట్టినా సరే. నేను ఇంతకాలం నుంచి మీ పక్కింట్లో ఉన్నాను, మీ ఇంటికి ఎవరొచ్చారు ఎవరెళ్లారు అన్నీ అడిగాను, అది అడిగానా?

అన్నట్టు ఇంకోటి. వాళ్ల టీములో ఒడిశా అమ్మాయి ఒకతి ఉందిట. మనవాళ్లు నలుగురు చేరితే చాలు, తెలుగులో పడిపోతారు. ఆ పిల్ల మధ్యలో కూర్చుని, వీళ్లు నవ్వినప్పుడల్లా తనూ కాస్త నవ్వుతుందట, తన మీద కాదు కదా అన్నట్టు. చెప్పండి, ఎంత అన్యాయం! మన పిల్లలు చెన్నైలోనో పుణేలోనో అలా కూర్చుంటే మనం ఏడ్చి చస్తాం.

ఇక చందాల పుస్తకం. మీ ఆఫీసులో ఉందా? ఉండకుండా ఎలా ఉంటుంది లెండి. ఒకరి గృహప్రవేశం, ఒకరి అమ్మాయి పెళ్లి, ఒకరి బదిలీ. ఒకాయన నోటుబుక్కు పట్టుకుని సీటు సీటుకీ వస్తాడు. పేరు, ఎదురుగా అంకె. మనం పర్సు తియ్యకముందే కళ్లు పై వరస మీదికి పోతాయి. సూపర్నెంటు గారు వెయ్యిన్నూటపదహార్లు. ఆ కిందాయన ఐదువందల పదహార్లు. అప్పుడు మనం రెండొందలు రాస్తే చెయ్యి వణుకుతుంది. పోనీ మనం ఎలాగో సర్దుకుంటాం. అవుట్‌సోర్సింగ్‌లో చేరిన కంప్యూటరు ఆపరేటరు పిల్ల ఉంటుంది, రెండు నెలలకోసారి జీతం చూస్తుంది. ఆ పిల్ల ముందుకీ అదే పుస్తకం వస్తుంది. "నీ ఇష్టం అమ్మా, ఎంతైనా పర్వాలేదు" అంటాడాయన, పుస్తకం మాత్రం తెరిచే ఉంటుంది.

మా ఆఫీసులో ఒకావిడ దీనికి మంచి ఉపాయం చేసింది. పుస్తకం తీసేసి పసుపు రాసిన ఒక పెద్ద కవరు తిప్పింది. పేర్లు లేవు, అంకెలు లేవు. ఎవరు వేసింది వాళ్లకే తెలుసు. మొదట్లో సొమ్ము తగ్గుతుందని అందరూ అన్నారు. తగ్గలేదు, పెద్దగా పెరగనూ లేదు. కానీ ఆ రోజు సెలవు పెట్టేవాళ్లు తగ్గారు! ఏడాదికి పదిహేను సీఎల్లు ఇస్తే చందా రోజులకే సగం అయిపోయేవి కొందరికి.

ఎదుటివాళ్లని నోరు తెరిచి ఏదైనా అడగడం కష్టమే, ఒప్పుకుంటాను. చేబదులు ఇచ్చిన ఐదొందలు అడగడం అంతకన్నా కష్టం. తీసుకున్నవాడు హాయిగా మన ముందే ఆన్‌లైన్లో బిర్యానీ తెప్పించుకుంటాడు. మనం ఇచ్చినవాళ్లమై ఉండి తలొంచుకుంటాం. అన్నిటికన్నా కష్టం చెమట వాసన సంగతి. ఆ మనిషికి ఎలా చెబుతారు? కొందరు ఏం చేస్తారంటే, చాటుగా ఆయన డ్రాయరులో సెంటు సీసా పెట్టి వెళ్లిపోతారు. ఎవరు పెట్టారో తెలీక, అందరూ కలిసి పెట్టారనుకుని ఆ మనిషి కుంగిపోతాడు. మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఒక కుర్రాణ్ణి టీ టైములో కారిడార్లోకి పిలిచి, "నాన్నా, ఎండలో సైకిల్ మీద వస్తున్నావు కదా, ఒక చొక్కా ఇక్కడ ఉంచుకో, రాగానే మార్చుకో. బాత్రూములో సబ్బు పెట్టించాను" అంది. ఇంకో మాట లేదు. వెంటనే ఆ కుర్రాడి అమ్మగారి మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. అదండీ చెప్పడం అంటే. ఒక్కసారి, ఒంటరిగా, చెయ్యగలిగిన పని ఏమిటో కూడా చెప్పి, మాట మార్చెయ్యాలి.

మా ఆడపడుచు కొడుకుది ఇంకో తంటా. రాత్రంతా కూర్చుని రిపోర్టు తయారు చేస్తాడు, మర్నాడు మీటింగులో వాళ్ల మేనేజరు "నేను చూసిందేంటంటే" అని మొదలుపెడతాడు. వీడు ఇంటికొచ్చి గోడకి గుద్దుకుంటాడు. మీటింగులో లేచి "అది నాది" అంటే ఇద్దరి పరువూ పోతుంది, మర్నాడు వీడి సెలవు పోతుంది. నేనేం చెప్పానంటే, ఒరేయ్, రిపోర్టు చేతికివ్వకు, మెయిల్లో పంపు. "ఇవాళ నేను తయారు చేసిన రిపోర్టు జతచేశాను" అని ఒక్క వాక్యం రాయి, సంబంధం ఉన్నవాళ్లకి కాపీ పెట్టు. ఇక మీటింగులో ఆయన చెబుతుంటే, "సార్, మూడో పేజీలో లెక్క వేస్తున్నప్పుడు నాకొక తేడా కనిపించింది, అది కూడా చెప్పమంటారా?" అను. లెక్క ఎవరు వేశారో అక్కడున్నవాళ్లకి అర్థమైపోతుంది. వాడు అన్నాడు, ఆయన "చెప్పు చెప్పు" అన్నాడు. ఇప్పుడు ప్రతి మీటింగులోనూ మూడో పేజీ వీడిదే.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు కూడా వస్తాయి కదా మీకు? నాకు వినిపిస్తూనే ఉంటుంది, మీరు మేడ మీద పచార్లు చేస్తూ "ఓకే సార్, ఓకే సార్" అంటుంటే. ఫ్రాన్సులో 2017 నుంచి ఒక చట్టం ఉంది. యాభై మంది గానీ ఆపైన గానీ ఉన్న కంపెనీలు, డ్యూటీ అయ్యాక ఫోనూ మెయిలూ పట్టించుకోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024లో తెచ్చారు. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి చట్టం వచ్చేదాకా మీరే కాస్త తెలివిగా ఉండాలి. కొంప మునిగే పనైతే ఫోనెత్తండి. కాకపోతే "పొద్దున రాగానే చూస్తాను సార్" అని రాసి, పొద్దున రాగానే నిజంగా చూడండి. రాత్రి పదింటికి మెసేజ్ చూసి పదీ ఒకటికల్లా జవాబిచ్చేవాళ్లకే మర్నాడు పదింటికి ఇంకోటి వస్తుంది. అలవాటు చేసింది ఎవరు మరి?

ఇంతవరకూ చెప్పినవి చాలావరకు చిరాకులండీ. గోటితో పోయేవి. గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు. కానీ ఇంకో రకం ఉంది, దానికి గోరు చాలదు. అక్కడ కూడా "సర్దుకుపోమ్మా" అంటారు చూడండి, వాళ్లంటే నాకు మంట. పై ఆఫీసరు అక్కర్లేని మెసేజీలు పెట్టడం, ఫైలు ఇస్తూ చెయ్యి తగిలించడం, చీర మీద కామెంటు, ప్రమోషను పేరు చెప్పి డిన్నరుకి రమ్మనడం. ఇవి పక్క సీటు గొడవలు కావు. నవ్వి ఊరుకునేవి అంతకన్నా కావు.

రాజస్థాన్లో భన్వరీ దేవి అని ప్రభుత్వ పథకంలో పనిచేసే ఆవిడ మీద, బాల్య వివాహం ఆపబోయినందుకు 1992లో ఘోరం జరిగింది. ఆ కేసు నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పేరు విని మన విశాఖపట్నం అనుకునేవాళ్లున్నారు, అది కేసు వేసిన సంస్థ పేరు. ఆ మార్గదర్శకాలని పట్టుకుని 2013లో, పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి చట్టం వచ్చింది. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలిగా పై హోదాలో ఉన్న మహిళ ఉండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. పదిమంది కన్నా తక్కువున్న దుకాణమో క్లినిక్కో అయితే, లేదా ఫిర్యాదు ఏకంగా యజమాని మీదే అయితే, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయలేకపోతే రాయడానికి కమిటీ సాయం చెయ్యాలి. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలల దాకా గడువిస్తారు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి.

అందుకే నేను ఆడపిల్లలందరికీ చెబుతాను. అలాంటిది జరిగిన రోజు రాత్రే తేదీ, టైము, ఎక్కడ, ఎవరున్నారు, అన్న మాట అన్నట్టుగా రాసి పెట్టుకోండి. మెసేజీలు చెరిపెయ్యకండి, అసహ్యంగా ఉన్నా సరే. రేపు ఎవరైనా "అప్పుడే చెప్పలేదేం?" అంటే కాగితం చూపించాలి. మగపిల్లలకీ ఇదే మాట. జీతం ఆపినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని వేధించినా నోటితో అరవకండి, రాసి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.

మీ ఆఫీసులో ఆ కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? చూశారా, తెలీదు. చట్టం ప్రకారం ఆ పేర్లు అందరికీ కనిపించేచోట పెట్టాలి. క్యాంటీను మెనూ అయితే వారం మొత్తానిదీ నోటికి చెబుతారు! సోమవారం వెళ్లి నోటీసుబోర్డు చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి, మీ కోసం కాకపోయినా కొత్తగా చేరే ఆడపిల్లల కోసం.

ఇక నిన్నటి సంగతి. ఏసీయా, ప్రింటరా, లేక పక్క సీటావిడ మళ్లీ మీ కుర్చీ తీసుకుందా? ఏదైనా సరే గ్రూపులో పెట్టకండి, మేనేజరు దగ్గరికి పరిగెత్తకండి. టీ టైములో ఆవిణ్ణి పక్కకి పిలిచి ఒక్క మాట అడగండి. ఏమందో మాత్రం సోమవారం సాయంత్రమే నాకు చెప్పాలండోయ్, మంగళవారం దాకా ఆగడం నా వల్ల కాదు.